గొంతు మారకూడదు... గోల తగ్గాలి!

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మని కథలు చెప్పమని కూర్చోబెట్టాను. వసారాలో నులకమంచం మీద ఆవిడ, ఎదురుగా స్టూలు మీద యూఎస్‌బీ మైకు, పక్కన నా లాప్‌టాప్. ‘ఏడు చేపల కథ చెప్పవే అమ్మమ్మా’ అంటే ‘గాడిదలా పెరిగావు, ఇప్పుడేం కథల్రా నీకు’ అని నవ్వి మొదలుపెట్టింది. ఒకటి కాదు, నాలుగు కథలు. మొత్తం 40 నిమిషాలు.

అక్కడ కూర్చుని వింటున్నప్పుడు బ్రహ్మాండంగా ఉంది. హైదరాబాద్ వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాక కదా అసలు సంగతి తెలిసింది! కథ రసపట్టులో పడగానే ఆవిడ మైకు మీదకి వంగేది. అప్పుడల్లా గొంతు కుండలోంచి వచ్చినట్టు ‘గుం’ మనేది. పైగా కట్టుడు పళ్లు. ‘స’ వచ్చినప్పుడల్లా వెనకే సన్నగా ఓ ఈల. రాక్షసుడిలా అరిచి చెప్పినచోట చెవిలో సూది గుచ్చినట్టే.

‘మళ్లీ వెళ్లినప్పుడు ఇంకోసారి రికార్డు చేద్దాంలే’ అనుకుని వదిలేశాను. వేసవిలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. గండం గడిచింది గానీ, మాట ముద్దముద్దగా వస్తోంది. ఇప్పట్లో కథ చెప్పమని అడగలేం. అంటే ఆ 40 నిమిషాల ఫైలే ఇక మాకున్నది.

అలా పడ్డాను దాని మీద. మొదటిరోజు రాత్రి నాకు తెలిసిన విద్యంతా చూపించేశా. ఈక్వలైజర్ తెరిచి కింద బేస్ తగ్గించా, ఈల ఉన్నచోట కోశా, సూది గుచ్చుకునేచోట ఇంకాస్త కోశా. గుంయ్ పోయింది, ఈల పోయింది. విజయగర్వంతో అమ్మకి పంపించా. పది నిమిషాల్లో ఫోన్. ‘బాగానే ఉంది గానీ అమ్మలా లేదురా. రేడియోలో ఎవరో మాట్లాడుతున్నట్టుంది’ అంది.

మళ్లీ విన్నాను. నిజమే. గోలతో పాటు గొంతు కూడా పోయింది.

ఆ గొంతుని వెనక్కి తెచ్చిపెట్టింది డైనమిక్ ఈక్వలైజర్. ఈ వారం దాని సంగతే. పాడ్‌కాస్ట్ చేసేవాళ్లయినా, యూట్యూబ్‌కి వాయిస్ ఓవర్ చెప్పేవాళ్లయినా, ఇంట్లో కవర్ సాంగ్స్ పాడుకునేవాళ్లయినా, ఎప్పుడో ఒకప్పుడు దీనితో పని పడుతుంది.

బెంచీ ఎక్కిన కుర్రాడు

ముందు మామూలు ఈక్వలైజర్ ఏం చేస్తుందో చూద్దాం. శబ్దంలో కింది స్వరాలు, పై స్వరాలు ఉంటాయి కదా, వాటిలో ఏది ఎంత వినిపించాలో మనం నిర్ణయించే పనిముట్టు అది. పేరు టెలిఫోన్ కాలం నాటిది. పొడవాటి తీగల్లో ప్రయాణించేసరికి గొంతులో కొన్ని స్వరాలు ఎక్కువగా, కొన్ని తక్కువగా నష్టపోయేవి. ఆ తేడాని సరిచేసి మళ్లీ ‘సమానం’ చేసేది కాబట్టి ఈక్వలైజర్. మనం ఇవాళ ప్రతి సాఫ్ట్‌వేర్‌లో చూసే మూడు మీటల పద్ధతి, అంటే ఏ ఫ్రీక్వెన్సీ, ఎంత వెడల్పు, ఎంత ఎక్కువ తక్కువ అని విడివిడిగా తిప్పుకునే ‘పారామెట్రిక్’ పద్ధతిని వివరిస్తూ జార్జ్ మాసెన్‌బర్గ్ 1972లో ఆడియో ఇంజినీర్ల సదస్సుకి ఓ పత్రం సమర్పించాడు.

దీనితో ఒక చిక్కుంది. 200 హెర్ట్జ్ దగ్గర 5 డెసిబెల్స్ తగ్గించమని చెప్పామనుకోండి, ఫైలు మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా తగ్గించే ఉంచుతుంది. అమ్మమ్మ వంగినా తగ్గిస్తుంది, వెనక్కి వాలినా తగ్గిస్తుంది.

క్లాసులో ఒకడు అప్పుడప్పుడూ అల్లరి చేస్తున్నాడు. మాస్టారికి విసుగొచ్చి వాణ్ని ఏడాదంతా బెంచీ ఎక్కించేశారు. అల్లరి తగ్గింది, సరే. కానీ వాడు బాగా చదివే కుర్రాడైతే? అడిగిన ప్రశ్నకి లేచి జవాబు చెప్పేది వాడేనైతే? మామూలు ఈక్వలైజర్ చేసేది ఇదే.

డైనమిక్ ఈక్వలైజర్ అలా కాదు. పాఠం చెప్పుకుంటూనే ఓ కంట గమనిస్తూ ఉండే మాస్టారు. కుర్రాడు గొంతు పెంచితే అటు తిరిగి ఓ చూపు చూస్తారు. వాడు తగ్గగానే మళ్లీ బోర్డు వైపు తిరుగుతారు. మిగతా సమయమంతా వాడి జోలికి పోరు.

మా అమ్మ మాట ఎందుకు నిజమో ఇప్పుడు అర్థమవుతుంది. మాట్లాడేటప్పుడు ఆడవాళ్ల గొంతు మూల స్వరం దాదాపు 165 నుంచి 255 హెర్ట్జ్ మధ్య, మగవాళ్లది 85 నుంచి 180 మధ్య ఉంటుంది. నేను ‘గుంయ్ పోవాలి’ అని 200 దగ్గర కోసింది అమ్మమ్మ గొంతు పునాదినే. ఆవిడ వంగినప్పుడు మాత్రమే అక్కడ ఎక్కువైంది. ఆ ఎక్కువైన కాస్త తీస్తే సరిపోయేది. నేను 40 నిమిషాలపాటు పునాది తవ్వుతూ కూర్చున్నాను.

వంగితే ఎందుకు ఎక్కువవుతుందంటారా? ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే మైకుల స్వభావం అది. నోరు దగ్గరకొచ్చేకొద్దీ వాటిలో బేస్ పెరుగుతుంది. దీన్ని ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. కొందరు ఎఫ్‌ఎం జాకీలు మైకుని ముద్దాడినట్టు మాట్లాడి గంభీరంగా వినిపించేది దీని పుణ్యమే.

నాలుగు మీటలు, నాలుగు ప్రశ్నలు

డైనమిక్ ఈక్వలైజర్ తెరవగానే మామూలు మీటలతో పాటు కొత్తగా నాలుగు పేర్లు కనిపిస్తాయి. కంగారు పడకండి. మాస్టారిని గుర్తుపెట్టుకుంటే చాలు.

థ్రెషోల్డ్: ఎంత అల్లరి చేస్తే మాస్టారు తిరగాలి? ఆ గీత దాటితేనే పని మొదలవుతుంది. నాలుగింటిలో ముఖ్యమైనది ఇదే.

రేషియో: తిరిగాక ఎంత గట్టిగా చెప్పాలి? 2:1 అంటే గీత మీద 6 డెసిబెల్స్ దాటితే 3కి తగ్గించడం. 4:1 అంటే 6 దాటితే ఒకటిన్నరకి తగ్గించడం.

అటాక్: ఎంత వేగంగా తిరగాలి? మిల్లీసెకన్లలో చెబుతాం.

రిలీజ్: అల్లరి ఆగాక ఎంతసేపటికి మళ్లీ బోర్డు వైపు తిరగాలి? ఇదీ మిల్లీసెకన్లలోనే.

అటాక్ విషయంలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ‘వేగం ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అనుకుని అన్నిచోట్లా 1 మిల్లీసెకను పెట్టేస్తారు. 200 హెర్ట్జ్ శబ్దంలో ఒక్క అల పూర్తవ్వడానికే 5 మిల్లీసెకన్లు పడుతుంది. అల సగంలో ఉండగానే పట్టుకుని నొక్కితే దాని ఆకారమే చెడి, గొంతు బరబరమంటుంది. అదే 6000 హెర్ట్జ్ ఈల అయితే ఒక అల 0.17 మిల్లీసెకన్లలో అయిపోతుంది. అక్కడ నెమ్మదిగా తిరిగితే ఈల వచ్చి వెళ్లిపోయాక మాస్టారు తిరిగినట్టవుతుంది. కాబట్టి కింది స్వరాలకి నిదానం, పై స్వరాలకి వేగం. ఇదొక్కటి గుర్తున్నా సగం పని అయిపోయినట్టే.

ఏం కావాలి?

ఒక లాప్‌టాప్, తీగ ఉన్న హెడ్‌ఫోన్స్. రికార్డింగ్ ఫోన్‌లో చేసినా ఫర్వాలేదు. ఫైలుని లాప్‌టాప్‌లోకి తెచ్చేటప్పుడు మాత్రం వాట్సాప్ వాయిస్ నోట్‌గా పంపుకోకండి. అది సైజు తగ్గించడానికి శబ్దాన్ని కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా కేబుల్ పెట్టి కాపీ చేయండి.

సాఫ్ట్‌వేర్‌గా నేను వాడింది రీపర్. 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, ఆ తర్వాత లైసెన్సు కొనుక్కోవాలి. పూర్తిగా ఉచితం కావాలంటే ఆడాసిటీ ఉంది. 2022లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి అందులోనూ వింటూనే ఎఫెక్ట్ మార్చుకునే వీలొచ్చింది.

ప్లగిన్ టీడీఆర్ నోవా. టోక్యో డాన్ ల్యాబ్స్ వాళ్లది. ఖరీదైన ఎడిషన్ కూడా ఉంది గానీ మన పనికి ఉచితంగా ఇచ్చేదే ఎక్కువ. నాలుగు బ్యాండ్లు, ఆ పైన కింది చివర, పై చివర కోసేందుకు రెండు ఫిల్టర్లు ఉంటాయి. మీ దగ్గర ఇప్పటికే క్యూబేస్, స్టూడియో వన్ కొత్త వెర్షన్లుంటే వాటి సొంత ఈక్వలైజర్లలోనే డైనమిక్ సౌకర్యం ఉంది. ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ 3లోనూ ఉంది. పేర్లు, రంగులు, మీటలు మారతాయి తప్ప వెనకున్న ఆలోచన మాత్రం అన్నిట్లోనూ అదే.

ఇక పనిలోకి

ఒకటి: ముందు అసలు ఫైలుకి ఒక కాపీ తీసి వేరేచోట దాచండి. అసలు దాన్ని ఎప్పుడూ ముట్టుకోకండి. రేపు మీకు ఇంతకంటే బాగా చేయడం వచ్చినప్పుడు అదే కావాలి.

రెండు: ఎత్తుపల్లాలు ముందే సరిచేసుకోండి. మరీ చిన్నగా ఉన్న ముక్కల్ని పెంచి, మరీ పెద్దగా ఉన్నవాటిని తగ్గించండి. పెద్ద శబ్దాలు మీటరు మీద సుమారు -6 దగ్గర ఆగితే చాలు. ఇది ముందే ఎందుకంటే థ్రెషోల్డ్ అనేది శబ్దం ఎంత పెద్దగా వస్తోందన్న దాని మీదే పనిచేస్తుంది. అంతా సెట్ చేశాక ‘కాస్త చిన్నగా ఉందే’ అని ఫైలు వాల్యూమ్ పెంచారంటే గీత అక్కడే ఉంటుంది, గొంతు మొత్తం దాన్ని దాటేస్తుంది. మాస్టారు ఇక బోర్డు వైపు తిరగరు. నేను ఒక రాత్రంతా ఇలా పోగొట్టుకున్నాను.

మూడు: సమస్య ఎక్కడుందో కాగితం మీద రాసుకోండి. ప్లగిన్ తెరవకముందే. ‘3 నిమిషాల 12 సెకన్లు, గుంయ్. 7:40, ఈల. 11:05, అరుపు’ ఇలా. మొత్తం ఒకసారి కళ్లు మూసుకుని వినండి. చెవికి ఇబ్బంది అనిపించినవే రాయండి. మూడు రకాల కంటే ఎక్కువ దొరికాయంటే మీరు మరీ చాదస్తంగా వింటున్నారని అర్థం!

నాలుగు: ఒక సమస్య ఉన్న రెండు సెకన్ల ముక్కని ఎంచుకుని, అదే తిరిగి తిరిగి మోగేలా లూప్ పెట్టండి. ట్రాక్ మీద ఎఫ్‌ఎక్స్ బటన్ నొక్కి నోవా తెచ్చుకోండి. హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ తగ్గించండి. ఇది మర్చిపోవద్దు, చెవులు మనవే. ఇప్పుడు ఒక బ్యాండుని సన్నగా చేసి, 8 డెసిబెల్స్ పైకి లేపి, నెమ్మదిగా ఎడమ నుంచి కుడికి జరపండి. ఒకచోట సమస్య ఒక్కసారిగా విశ్వరూపం చూపిస్తుంది. అదే దాని అడ్రసు.

ఇక్కడో జాగ్రత్త. 8 డెసిబెల్స్ లేపితే ఎక్కడైనా ఘోరంగానే ఉంటుంది. అందుకే సమస్య లేని ముక్కని కూడా లూప్ పెట్టి అదేచోట వినండి. రెండిట్లోనూ ఒకేలా ఘోరంగా ఉంటే అది సమస్య కాదు, ఆ మనిషి గొంతు. వదిలేయండి. మొదటి దాంట్లోనే ఘోరంగా ఉంటే దొంగ దొరికినట్టే.

ఐదు: లేపిన గెయిన్‌ని మళ్లీ సున్నాకి తెచ్చేయండి. చాలామంది ఇది మర్చిపోతారు. తర్వాత ఆ బ్యాండులో థ్రెషోల్డ్ బటన్ ఆన్ చేయండి. థ్రెషోల్డ్‌ని పైనుంచి కిందకి కొద్దికొద్దిగా దింపండి. సమస్య వచ్చినప్పుడు బ్యాండు గీత కిందకి వంగడం తెర మీద కనిపిస్తుంది. సమస్య లేని మాటల దగ్గర అది కదలకూడదు. కదిలిందంటే మరీ కిందకి దింపేశారు, కాస్త పైకి జరపండి.

ఆరు: ఇప్పుడు లూప్ తీసేసి, ముందూ వెనకా ఓ నిమిషం కలిపి వినండి. రెండు సెకన్ల లూప్‌లో బాగున్నది కథలో బాగుంటుందన్న నమ్మకం లేదు.

నా ఫైలుకి పెట్టిన లెక్కలు

ఇవి మీకు పనికొస్తాయని కాదు, ఎలా ఆలోచించాలో తెలియడానికి చెబుతున్నా.

గుంయ్‌కి: 200 హెర్ట్జ్, వెడల్పు మధ్యస్థంగా క్యూ 1.2, రేషియో 3:1, అటాక్ 20 మిల్లీసెకన్లు, రిలీజ్ 150. అమ్మమ్మ వంగినప్పుడు 4, 5 డెసిబెల్స్ తగ్గుతోంది. వెనక్కి వాలగానే గీత తిరిగి సున్నాకి వచ్చేస్తోంది. పునాది భద్రం.

ఈలకి: 6300 హెర్ట్జ్, సన్నగా క్యూ 4, రేషియో 4:1, అటాక్ 1 మిల్లీసెకను, రిలీజ్ 60. తగ్గింపు 5 డెసిబెల్స్ దాటకుండా చూసుకున్నా.

అరుపుకి: 3000 హెర్ట్జ్, క్యూ 1.5, రేషియో 2:1, అటాక్ 10, రిలీజ్ 120. ఇక్కడ 2, 3 డెసిబెల్స్ చాలు. మనిషి చెవి 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య శబ్దాలకి చాలా చురుగ్గా ఉంటుంది. కొంచెం ఎక్కువైనా గుచ్చుకుంటుంది, కొంచెం ఎక్కువ కోసినా మాట స్పష్టత పోతుంది. అందుకని చేతులు ఒళ్లో పెట్టుకుని పనిచేయాల్సిన చోటు ఇది.

నాలుగో బ్యాండు? వాడలేదు. ఖాళీగా ఉంది కదా అని వాడాలని రూలేం లేదు.

80 హెర్ట్జ్ కిందున్నదంతా మాత్రం మామూలు ఫిల్టర్‌తో కోసేశా. మంచం కిర్రుమన్నప్పుడు వచ్చే అదురు, స్టూలు కదిలిన చప్పుడు, కరెంటు వల్ల వచ్చే 50 హెర్ట్జ్ హమ్ అన్నీ అక్కడుంటాయి. ఆవిడ గొంతు అంత కిందకి దిగదు కాబట్టి నష్టం లేదు.

చాప, చెట్టు పరీక్ష

ఈ పరీక్ష ఏ ఇంగ్లిష్ వీడియోలోనూ చెప్పరు. మన భాషకి మనమే చేసుకోవాలి.

‘చాప’ అనండి. ఇప్పుడు ‘చెట్టు’ అనండి. రెండిట్లో ‘చ’ ఒకటేనా? మా వైపు పెద్దవాళ్లు పలికితే కాదు. ‘చాప’, ‘చలి’, ‘చుట్ట’ అన్నప్పుడు నాలుక పళ్లకి తగిలి ‘త్స’ లాంటి శబ్దం వస్తుంది. ‘చెట్టు’, ‘చీమ’, ‘చేప’ అన్నప్పుడు నాలుక కాస్త వెనక్కి వెళుతుంది. ‘త్స’లా పలికే చకారానికి పాత పుస్తకాల్లో ‘ౘ’ అని వేరే అక్షరం కూడా ఉండేది. రాతలో దాదాపు పోయింది, అమ్మమ్మల నోట్లో మిగిలింది.

ఈ తేడా చాలావరకు ఉండేది పై స్వరాల్లోనే. ఈల ఉండేదీ అక్కడే. ఈల పోవాలన్న కసితో థ్రెషోల్డ్ బాగా దింపేస్తే ముందు ‘స’ మొద్దుబారి ‘థ’లా వినిపిస్తుంది, మనిషికి నాలుక మందమేమో అన్నట్టు. ఆ తర్వాత ‘శ’, ‘స’ ఒకటైపోతాయి. చివరికి ‘చాప’లో ‘చ’, ‘చెట్టు’లో ‘చ’ ఒకటైపోతాయి. అప్పుడిక అది అమ్మమ్మ తెలుగు కాదు.

అందుకే నేను ఫైల్లోంచి శ, ష, స, రెండు రకాల చ ఉన్న మాటలు ఏరి వరుసగా పెట్టుకున్నా. ప్లగిన్ ఆన్ చేసి ఒకసారి, ఆఫ్ చేసి ఒకసారి విన్నా. ఈల కొంచెం మిగిలినా సరే, అక్షరం చెడకూడదు అని నిర్ణయించుకున్నా. ఆవిడకి కట్టుడు పళ్లున్నది నిజం. ఆ కాస్త ఈల కూడా ఆవిడదే.

మీరు తెలంగాణ మాటలు రికార్డు చేసినా, రాయలసీమ మాటలు రికార్డు చేసినా ఇలాంటి జాబితా ఒకటి తయారుచేసుకోండి. ఆ మనిషి ప్రత్యేకంగా పలికే ఐదారు మాటలు. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ అవే వినండి.

ఎక్కడ వాడకూడదు?

కొత్త సుత్తి కొన్నవాడికి ప్రతిదీ మేకులాగే కనిపిస్తుంది. నేనూ ఓ వారం అన్నిటికీ ఇదే వాడేశా. వద్దు.

ఫ్యాను హోరు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది. ఎప్పుడూ ఉండేదానికి అప్పుడప్పుడూ తిరిగే మాస్టారెందుకు? దానికి మామూలు ఈక్వలైజరో, నాయిస్ రిడక్షనో చూసుకోండి. అన్నిటికంటే మంచిది రికార్డింగ్ అప్పుడు ఫ్యాను ఆపడం.

గొంతు మొత్తం ఒకచోట పెద్దగా, ఒకచోట చిన్నగా ఉంటే అది వాల్యూమ్ సమస్య. రెండో మెట్టులో చెప్పినట్టు సరిచేయండి, అవసరమైతే ఆ తర్వాత కంప్రెసర్. క్రమం కూడా ఇదే: ముందు ఎత్తుపల్లాలు, తర్వాత డైనమిక్ ఈక్వలైజర్, ఆ తర్వాత కంప్రెసర్. కంప్రెసర్ ముందు పెడితే గుంయ్ రాగానే అది గొంతు మొత్తాన్ని నొక్కేస్తుంది.

గది ప్రతిధ్వనికి దీని దగ్గర మందు లేదు. పరుపులు, దుప్పట్లు ఉన్న గదిలో రికార్డు చేయడమే మందు.

ఇంకోటి. ప్లగిన్ ఆన్, ఆఫ్ చేసి పోల్చేటప్పుడు రెండూ ఒకే వాల్యూమ్‌లో ఉండేలా చూసుకోండి. మన చెవికి పెద్దగా వినిపించేదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఏదైనా తగ్గించాక మొత్తం కాస్త చిన్నదవుతుంది కాబట్టి అవుట్‌పుట్ మీట దగ్గర ఆ లోటు పూడ్చి పోల్చండి. లేకపోతే మంచి పని కూడా చెడ్డగా కనిపిస్తుంది.

చివరగా ఫోన్‌లో వినండి. చిన్న స్పీకర్లలో 200 హెర్ట్జ్ సరిగ్గా పలకదు. అందుకే గుంయ్ అక్కడ అసలు తెలియదు, ఈల మాత్రం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇయర్‌ఫోన్స్‌లో దాదాపు తిరగేసి ఉంటుంది. రెండిట్లోనూ ఫర్వాలేదనిపిస్తే అయిపోయినట్టే.

మళ్లీ అమ్మకి పంపాను

ఈసారి వాట్సాప్ చేయలేదు. ఊరెళ్లి, రాత్రి భోజనాలయ్యాక చిన్న స్పీకర్‌లో పెట్టాను. అమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. అమ్మమ్మ లోపల గదిలో పడుకుని ఉంది, తలుపు తీసే ఉంది.

‘ఎలా ఉంది?’ అని అడుగుదామని నేను చూస్తున్నా. అమ్మ ఏం చెప్పలేదు. గిన్నెలు సర్దుకుంటూనే ఉంది. కథ కాస్త ముందుకెళ్లింది. అమ్మమ్మ ఓ మాట దగ్గర ఆగింది, ఎదుటివాళ్లు వింటున్నారో లేదో చూడ్డానికి ఆగే ఆపు అది. వంటింట్లోంచి అమ్మ ‘ఊఁ’ అంది. తనకి తెలియకుండానే. చిన్నప్పుడు పక్కలో పడుకుని ఊ కొట్టినట్టు.

మళ్లీ కాసేపటికి ఇంకో ఆపు. ఈసారి ‘ఊఁ’ లోపల గదిలోంచి కూడా వచ్చింది.

నేను సెట్టింగుల గురించి అడగలేదు. ఫైలు సేవ్ చేసి, రెండుచోట్ల కాపీ పెట్టాను.

ఈ వారం మీ పని ఇదీ. ఇంట్లో పెద్దవాళ్లని ఓ పావుగంట మాట్లాడించి రికార్డు చేయండి. ఫ్యాను ఆపండి. మైకో, ఫోనో జానెడు దూరంలో ఉంచండి, వాళ్లు ముందుకు వంగితే మీరు మెల్లగా వెనక్కి జరపండి. అప్పుడు ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు. మిగతా సగానికి నోవా ఉంది. ‘మళ్లీ వెళ్లినప్పుడు చేద్దాంలే’ అని మాత్రం అనుకోకండి.